నీతిమంతులుగా ‘తీర్చబడడం’ అంటే ఏమిటి?

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తోలుకెళ్లిన రైతు సాయంత్రానికి ఇల్లు చేరితే, ధర ఎంత పలికిందన్న దానికన్నా ముందు ఇంట్లోవాళ్లు అడిగే మాట ఒకటుంటుంది: ‘‘అడ్తి సేటు అప్పు తీరిందా?’’ అదే ఇంట్లో పిల్ల జబ్బు నయమైతే మేడారం పోయి నిలువెత్తు బంగారం ఇచ్చి మొక్కు తీర్చుకుంటారు. పొలం గట్టు దగ్గర తగాదా వస్తే పెద్దమనుషులు కూర్చుని తీర్పు చెబుతారు. దారి తప్పుతున్న పిల్లవాడు బాగుపడితే పంతులు తీర్చిదిద్దాడంటారు. అప్పు, మొక్కు, తగాదా, నడవడిక. నాలుగూ వేరువేరు సంగతులు. నాలుగింటికీ తెలుగులో పలికే క్రియ మాత్రం ఒక్కటే: తీరు, తీర్చు.

యేసు అపొస్తలుడైన పౌలు రోమాలోని క్రైస్తవులకు రాసిన పత్రికలోని ఒక గ్రీకు మాటకు తెలుగు బైబిల్ అనువాదకులు ఎంచుకున్నదీ ఈ క్రియనే. ‘‘కాగా ధర్మశాస్త్ర సంబంధమైన క్రియలు లేకుండ విశ్వాసమువలననే మనుష్యులు నీతిమంతులుగా తీర్చబడుచున్నారని యెంచుచున్నాము’’ అంటుంది రోమా పత్రిక మూడో అధ్యాయం 28వ వచనం. హన్మకొండలోని బాప్టిస్టులకైనా, డోర్నకల్ సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లకైనా, ఊరి చివర రేకుల షెడ్డులో ఆరాధన జరుపుకొనే చిన్న సంఘానికైనా బాగా తెలిసిన వచనం ఇది. బాగా తెలిసిన వచనంతో ఒక చిక్కుంది. అందులో ఏముందో మళ్లీ అడగబుద్ధి కాదు. ‘‘నమ్మితే చాలు, ఇంకేం చేయనక్కర్లేదు’’ అని ఒకరంటారు. ‘‘మంచి పనులు చేయకుండా పరలోకం ఎట్లా దొరుకుతుంది?’’ అని ఇంకొకరంటారు. ఇద్దరూ ‘తీర్చబడుట’ దగ్గర ఒక్క నిమిషం ఆగితే, ఐదు వందల ఏళ్లుగా సంఘాలను చీల్చిన వాదన చాలావరకు ఆ ఒక్క మాటలోనే ఉందని తెలుస్తుంది.

తీర్పు అనే అర్థం

పౌలు వాడింది మొదట కోర్టు మాట. కేసు విన్న న్యాయాధిపతి ఒకరిని నిర్దోషి అని ప్రకటించడం దాని సహజమైన అర్థం. పాత నిబంధనలో న్యాయాధిపతులకు ఇచ్చిన ఆజ్ఞ చాలా సూటిగా ఉంటుంది: నీతిమంతుణ్ణి నీతిమంతుడనాలి, దోషిని దోషి అనాలి. సామెతల గ్రంథం 17వ అధ్యాయం 15వ వచనం ఇంకా గట్టిగా చెబుతుంది. దోషిని నిర్దోషి అని తీర్పు చెప్పేవాడూ, నిర్దోషిని దోషి అనేవాడూ ఇద్దరూ దేవునికి అసహ్యులే. దొర మనిషికి ఒక న్యాయం, కూలివాడికి ఇంకో న్యాయం జరగడం తరాల తరబడి చూసిన తెలంగాణ పల్లెకు ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ లేఖనాలనే చదువుకుంటూ పెరిగిన పౌలు, రోమా నాలుగో అధ్యాయంలో దేవునికి ఒక పేరు పెడతాడు: భక్తిహీనుణ్ణి నీతిమంతునిగా తీర్చేవాడు. సామెతలు దేన్ని అసహ్యం అన్నాయో, దేవుడు సరిగ్గా ఆ పనే చేస్తున్నాడని వినబడే మాట ఇది. చదివినవాళ్లు ఉలిక్కిపడాలి. చాలామంది ఉలిక్కిపడరు, ఎందుకంటే ‘నీతిమంతునిగా తీర్చబడుట’ అన్నది చెవికి అలవాటైపోయింది.

ఈ చిక్కుకు పౌలు జవాబు అంతకుముందు అధ్యాయంలోనే, 25, 26 వచనాల్లో ఉంది. దేవుడు పాపాన్ని చూసీ చూడనట్టు వదిలేయలేదు, క్రీస్తు మరణంలో దానికి తీర్పు జరిగింది అంటాడు. అందువల్ల దేవుడు తాను నీతిమంతుడుగా ఉంటూనే, యేసును నమ్మినవాణ్ణి నీతిమంతునిగా తీర్చగలుగుతున్నాడు. తీర్పు రద్దు కాలేదు. దాని బరువును తీర్పు చెప్పే దేవుడే తన కుమారునిలో మోశాడు. ఈ భాగాన్ని పక్కన పెట్టి ‘దేవుడు క్షమిస్తాడు’ అని మాత్రమే బోధిస్తే, ఆయన ఎవరి మాటకైనా తలూపే మెత్తని పెద్దమనిషిగా మిగులుతాడు. అన్యాయానికి గురైనవాళ్లకు అలాంటి దేవుడు ఓదార్పు ఇవ్వలేడు. విశ్వాసం వల్ల కలిగే నీతి గురించి ఏ ప్రసంగం విన్నా మొదట చూడవలసింది ఇదే: అందులో సిలువ ఉందా, లేక ఊరికే కనికరం ఉందా?

జీతం, వరం

రోమా నాలుగో అధ్యాయంలో ఇంకో మాట పదేపదే వస్తుంది: ఎంచు. గ్రీకులో అది లెక్కల మాట, పద్దులో జమ కట్టడం. ఒక్క ఆ అధ్యాయంలోనే 11 సార్లు వాడాడు పౌలు. అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అన్న ఆదికాండం 15వ అధ్యాయం మాట చుట్టూ తన వాదన అల్లుతూ, మధ్యలో కూలి సంగతి ఎత్తుతాడు. ‘‘పనిచేయువానికి జీతము ఋణమేగాని దానమని యెంచబడదు.’’

ఉత్తర తెలంగాణలో ఈ వచనం బరువు వేరు. నెల తిరిగేసరికి బ్యాంకులో పడేది మాత్రమే జీతం కాదు ఇక్కడ. ‘‘ఫలానా పటేలు ఇంట్లో జీతమున్నడు’’ అంటే ఏడాది పొడవునా పశువుల దగ్గర, పొలం దగ్గర, అర్ధరాత్రి మోటు దగ్గర ఆ ఇంటికి కట్టుబడి ఉన్నాడని. తండ్రి తెచ్చిన అప్పుకు కొడుకు జీతగాడయ్యేవాడు. నిజాం రాజ్యంలో ఇలా కట్టుబడిన మనుషులను భగేలా అనేవారు. దానికన్నా దిగువన వెట్టి ఉండేది, చేసిన పనికి లెక్కే లేని చాకిరి. పనికీ ఫలితానికీ ఉండాల్సిన ముడిని తరాల తరబడి తెంచేసిన నేల ఇది. ఆ ముడి కోసమే 1946 నుంచి 1951 దాకా ఇక్కడి పల్లెలు సాయుధంగా పోరాడాయి.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మిషనరీలు ఈ పల్లెలకే వచ్చారు. హన్మకొండలో అమెరికన్ బాప్టిస్టులు, మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు పనిచేశారు. అప్పటి వరంగల్ జిల్లాలోని డోర్నకల్‌కు 1909లో తిరునెల్వేలి నుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1945లో చనిపోయేదాకా డోర్నకల్ మేత్రాసనాన్ని, అంటే బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతాన్ని, నడిపాడు. సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. ఎందుకు చేరారన్నదానికి కరువు, వైద్యం, బడి, గౌరవం ఇలా చాలా కారణాలు చెబుతారు. అవన్నీ నిజమే కావచ్చు. అయితే వాళ్లు విన్న వచనాల్లో ఏముందో కూడా చూడాలి. వెట్టి చేసే మనిషికి ‘‘పాపమువలన వచ్చు జీతము మరణము, అయితే దేవుని కృపావరము నిత్యజీవము’’ అని చదివి వినిపిస్తే, అందులో జీతం, వరం అన్న రెండు మాటల మధ్య దూరం వేదాంత విద్యార్థికన్నా అతనికే ముందు అర్థమవుతుంది. పాపం ఖచ్చితంగా జీతమిచ్చే దొర. దేవుడు జీతమిచ్చే దొర కాడు.

మెదక్ కేథడ్రల్ కథ ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగిన ఆ గుడిని, కరువులో ఆకలితో ఉన్న జనానికి పని చూపించడం కోసం మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించాడు. రాళ్లు మోసినవాళ్లకు కూలి ముట్టింది, అది వాళ్ల హక్కు. ఆ గోడల మధ్య బోధించింది మాత్రం ఏ కూలీ కొనలేని దాని గురించి. రెండింటికీ పోటీ లేదు. మనిషికీ మనిషికీ మధ్య చేసిన పనికి కూలి ఇవ్వాల్సిందే. దేవుని ముందు నిలబడే హక్కు విషయంలోనే పౌలు జీతం లెక్కను కాదంటాడు.

మాఫీ అయినవాడి ప్రశ్న, కట్టినవాడి ప్రశ్న

2024లో తెలంగాణలో రెండు లక్షల రూపాయల వరకు పంట రుణాలు మాఫీ చేస్తామన్నప్పుడు ఊళ్లలో రెండు మాటలు వినిపించాయి. ‘‘ఇట్లా మాఫీ చేస్తూ పోతే ఇక ఎవడు కడతాడు?’’ అన్నది ఒకటి. ‘‘పుస్తెలు కుదువపెట్టి టైముకు కట్టినోళ్లం మేం పిచ్చోళ్లమా?’’ అన్నది రెండోది. విశ్వాసం వల్లనే నీతి అన్నప్పుడల్లా రెండు వేల ఏళ్లుగా వస్తున్న అభ్యంతరాలు కూడా సరిగ్గా ఇవే.

మొదటిది పౌలు ముందే ఊహించాడు. కృప ఎక్కువ కావాలని పాపంలోనే ఉండిపోదామా అని ఆరో అధ్యాయం మొదట్లో తానే అడిగి, వద్దే వద్దు అంటాడు. ఆయన చెప్పే కారణం బెదిరింపు కాదు. క్రీస్తుతో చనిపోయి, ఆయనతో కొత్త జీవితంలోకి వచ్చినవాడు పాత దొర దగ్గరికి మళ్లీ ఎందుకు పోతాడు అంటాడు. ఆ అధ్యాయమంతా దాసుడు, యజమాని అన్న మాటల మీదే నడుస్తుంది. జీతం నుంచి విడిపించిన మనిషి మళ్లీ ఆ గడప తొక్కకపోవడానికి చట్టం అక్కర్లేదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది, బాధ ఉన్నది. లూకా 15లో తప్పిపోయిన కుమారుడి అన్న అడిగింది అదే. ఇన్నేళ్లు నీకు చాకిరీ చేశాను, నా కోసం ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదే అంటాడు. మత్తయి 20లో పొద్దున్నుంచి ఎండలో మాడిన కూలీలు, గంటసేపు పనిచేసినవాళ్లకూ అదే దేనారం, ఒక రోజు కూలి, ఇస్తే గొణిగింది కూడా అందుకే. నిజాయితీగా బతికిన మనిషికి కృప అన్యాయంగా కనబడుతుందని యేసుకు తెలుసు. తెలిసే ఆ కథలు చెప్పాడు. పెద్ద కొడుకు కూడా ఇంట్లోనే ఉండి తండ్రిని దొరలా చూశాడన్నదే ఆ కథలో అసలు దుఃఖం. తండ్రి అతనితో ‘‘నావన్నీ నీవే కదా’’ అంటాడు. అప్పటికే తనదైనదాన్ని అతను జీతంగా సంపాదించాలనుకున్నాడు.

మాఫీ పోలిక ఒక దగ్గర ఆగిపోతుంది. మాఫీకి అర్హుల జాబితా ఉంటుంది, కటాఫ్ తేదీ ఉంటుంది, రేషన్ కార్డు దగ్గర పేచీ వస్తుంది. అన్నిటికన్నా పెద్ద తేడా, మాఫీ ఖాతాను సున్నాకు తెస్తుందే తప్ప వచ్చే వానాకాలం పెట్టుబడి మళ్లీ అప్పే. పౌలు చెప్పే ఎంచబడడంలో రెండు పక్కలున్నాయి. పాపం లెక్కలోకి రాదు. దానితోపాటు నీతి జమ అవుతుంది. సున్నా దగ్గర మనిషిని వదిలేసి ‘ఇప్పటి నుంచి జాగ్రత్తగా సంపాదించుకో’ అనడం సువార్త కాదు. మన సంఘాల్లో చాలామంది విశ్వాసులు ఆ సున్నా దగ్గరే బతుకుతున్నారు. బాప్తిస్మంతో పాత అప్పు పోయింది, ఆ తర్వాతి ఖాతా ఉపవాస కూడికలతో, కానుకలతో తామే నింపుకోవాలి అన్న టెన్షన్‌లో ఉంటారు. ఆదరణ కూడికలో చనిపోయినవారి గురించి ‘‘గుడికి స్థలం ఇచ్చాడు, ఒక్క ఆదివారం మానలేదు, తప్పకుండా ప్రభువు దగ్గరుంటాడు’’ అని చెప్పినప్పుడు బయటపడేది ఆ లెక్కే. అతను ప్రభువు దగ్గరుంటాడన్నది ఆ సంఘం నమ్మిక. దానికి చూపించిన కారణమే పొరపాటు.

తీర్చిదిద్దడం అనే అర్థం

1505లో జర్మనీలోని ఎర్ఫర్ట్‌లో అగస్టీనియన్ మఠంలో చేరి, తర్వాత ప్రొటెస్టెంట్ సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్‌ది కూడా ఈ టెన్షనే. ఉపవాసాలు, జాగారాలు, గంటల తరబడి పాపపు ఒప్పుకోళ్లు. ‘దేవుని నీతి’ అన్న మాటంటేనే అసహ్యం పుట్టేదని 1545లో, చనిపోవడానికి ఏడాది ముందు రాసుకున్నాడు. దేవుడు మనల్ని కొలిచే కొలబద్ద అనుకున్నాడు దాన్ని. విట్టెన్‌బర్గ్‌లో కీర్తనలు, రోమా పత్రిక బోధిస్తూ, మళ్లీ మళ్లీ చదువుతూ పోయాక, అది దేవుడు విశ్వాసికి ఇచ్చే నీతి అని అర్థమైంది. పాపశిక్ష తగ్గింపు పత్రాల అమ్మకంపై 1517 అక్టోబర్ 31న ఆయన లేవదీసిన వాదన వెనుక ఈ మథనం ఉంది. 1522లో జర్మన్ కొత్త నిబంధన అచ్చు వేసినప్పుడు రోమా 3:28లో ‘మాత్రమే’ అనే మాట చేర్చాడు. మూలంలో లేని మాట అని విమర్శలు వస్తే, జర్మన్ నుడికారం అదే అడుగుతుందని 1530లో జవాబు రాశాడు. తెలుగు అనువాదంలో ఆ ‘మాత్రమే’ ఒక చిన్న అక్షరంలో దాగుంది: విశ్వాసమువలన‘నే’.

లూథర్ రోమా పత్రికకు రాసిన ముందుమాటను 1738 మే 24న లండన్‌లో ఒక చిన్న కూడికలో చదువుతుండగా విన్నాడు జాన్ వెస్లీ. అక్కడినుంచి పుట్టిన మెథడిస్టు ఉద్యమమే తర్వాత మెదక్ చేరింది. కాబట్టి మెదక్, నిజామాబాద్ జిల్లాల్లోని పాత వెస్లియన్ గుళ్లకు ఆ మఠంలోని నిద్రలేని రాత్రులతో చుట్టరికం ఉంది.

ఇక రెండో వైపు. లాటిన్ బైబిల్‌లో పౌలు మాటకు వాడిన పదానికి ‘నీతిమంతునిగా చేయడం’ అనే అర్థం వస్తుంది. ఆ దారిలో వచ్చిన కాథలిక్ బోధను 1547 జనవరిలో ట్రెంట్ మహాసభ స్పష్టంగా రాసింది. నీతిమంతునిగా తీర్చబడడం పాపక్షమాపణ ఒక్కటే కాదు, మనిషి లోపల కలిగే పరిశుద్ధత, నూతనత్వం కూడా అని చెప్పింది. తెలుగులో చెప్పాలంటే, లూథర్ వంటి సంస్కర్తలు తీర్చబడుటలో తీర్పును విన్నారు, ట్రెంట్ పెద్దలు తీర్చిదిద్దడాన్ని విన్నారు. తీర్చిదిద్దడం జరుగుతుందని సంస్కర్తలూ ఒప్పుకుంటారు. కాకపోతే దానికి ‘పరిశుద్ధపరచబడుట’ అని వేరే పేరు పెట్టి, తీర్పు తర్వాత వచ్చేదిగా చూస్తారు. ఇది పండితుల మాటల పట్టింపులా అనిపించవచ్చు. మరణపు మంచం మీదున్న మనిషికి మాత్రం తేడా తెలుస్తుంది. తన నిశ్చయత తనలో ఎంత మార్పు వచ్చిందన్నదాని మీద ఉందా, తన బయట క్రీస్తు చేసినదాని మీద ఉందా? ఈ ఒక్క చోట సంస్కర్తల పట్టుదల న్యాయమైనదే.

అంతమాత్రాన కాజీపేట ఫాతిమానగర్‌లోని కాథలిక్ గుడి వైపు చూపించి ‘‘ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు క్రియల వల్ల రక్షణ అంటారు’’ అని ప్రసంగాల్లో చెప్పడం సరికాదు. కృప లేకుండా మనిషి తన సొంత క్రియల వల్ల నీతిమంతుడు కాగలడు అన్న బోధను ట్రెంట్ సభ తన మొదటి తీర్మానంలోనే ఖండించింది. విశ్వాసమే నీతికి వేరు, పునాది అని కూడా రాసింది. 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం కలిసి ఈ సిద్ధాంతంపై ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల కాక కృప వల్లనే, క్రీస్తుపై విశ్వాసంతో దేవుడు మనల్ని అంగీకరిస్తాడని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్డ్ సంఘాలు అందులో చేరాయి. తేడాలు మిగిలే ఉన్నాయి. కానీ ఆ సంతకాలు జరిగి పాతికేళ్లు దాటినా, మన ఊళ్లలో పాత అపనింద మాత్రం అట్లాగే తిరుగుతోంది.

యాకోబు అడిగింది వేరు

‘‘క్రియలు లేని విశ్వాసము మృతము’’ అన్న యాకోబు పత్రిక మాటను పౌలుకు ఎదురు నిలబెట్టడం మామూలే. లూథర్ కూడా 1522లో దాన్ని గడ్డి పత్రిక అన్నాడు. తొందరపడ్డాడనే చెప్పాలి.

ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలుస్తారు. ఏ అబ్రాహామును అన్నదే చూడాలి. పౌలు చూపించేది ఆదికాండం 15లో నక్షత్రాలు లెక్కపెట్టమంటే తలెత్తి చూసి నమ్మిన మనిషిని. అప్పటికి అతని పెద్ద కొడుకు ఇష్మాయేలు కూడా పుట్టలేదు. ఇష్మాయేలు పుట్టేనాటికి అబ్రాహాముకు 86 ఏళ్లు, సున్నతి జరిగేనాటికి 99. అంటే నీతిమంతుడన్న తీర్పు సున్నతికి కనీసం 13 ఏళ్ల ముందే వచ్చింది. పౌలు వాదనంతా ఈ ముందువెనుకల మీదే ఆధారపడింది. యాకోబు చూపించేది 22వ అధ్యాయంలో ఇస్సాకును బలిపీఠం దాకా తీసుకెళ్లిన మనిషిని. ఎన్నో ఏళ్ల తర్వాతి సంగతి అది. తీర్పు ఎప్పుడు, దేనివల్ల వచ్చిందో పౌలు చెబుతున్నాడు. ఆ నమ్మిక నిజమైనదని ఎక్కడ బయటపడిందో యాకోబు చెబుతున్నాడు.

నకిలీ పత్తి విత్తనాలకు మోసపోయిన రైతుకు యాకోబు తేలిగ్గా అర్థమవుతాడు. చేను ఏపుగా పెరుగుతుంది, పచ్చగా కళకళలాడుతుంది, పూత ఉండదు, కాయ పట్టదు. కాయ పట్టనందుకు విత్తనం నకిలీది కాలేదు. మొదటే నకిలీది, కాయల కాలంలో తెలిసింది. ‘దేవుడొక్కడే అని నమ్ముతున్నాను’ అనే నోటిమాటను యాకోబు అట్లా చూస్తాడు. దయ్యాలూ అంత మాత్రం నమ్ముతాయి, వణుకుతాయి కూడా అంటాడు.

నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు రోగుల ఆస్పత్రి మొదలుపెట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ మెథడిస్టు మిషన్ మనిషి. ఊళ్లు గెంటేసిన రోగుల గాయాలు కడిగి కట్టు కట్టడం ఈ సిద్ధాంతం ప్రకారం స్వర్గానికి టికెట్టు కాదు. అక్కడే ఆ పనికి గౌరవం. తన పరలోకం కోసం రోగిని వాడుకునే సేవలో రోగి ఒక మెట్టు మాత్రమే. తన లెక్క ఎప్పుడో తేలిపోయిందని నమ్మినవాళ్లు రోగిని రోగి కోసమే చూడగలుగుతారు.

విశ్వాసాన్నే పనిగా మార్చినప్పుడు

ఈ రోజుల్లో సిద్ధాంతానికి పెద్ద ప్రమాదం క్రియలను పొగిడేవాళ్ల నుంచి రావడం లేదు. విశ్వాసాన్ని పొగిడేవాళ్ల నుంచి వస్తోంది. స్వస్థత కూడికలో ప్రార్థన చేయించుకున్నా జబ్బు తగ్గకపోతే ‘‘నీ విశ్వాసం చాల్లేదు’’ అంటారు. అప్పుల్లో ఉన్న మనిషితో ‘‘విశ్వాసంతో ఇంత కానుక వెయ్యి, దేవుడు తలుపు తెరుస్తాడు’’ అంటారు. పేరుకు అది విశ్వాసమే, వాడుతున్నది మాత్రం క్రియలాగే. ఇంత బిగువుగా నమ్మితే ఇంత ఫలితం అన్నప్పుడు నమ్మడం కూడా ఒక కూలిపనే అవుతుంది, అన్నిటికన్నా కష్టమైన కూలిపని. చేయి పనిచేసిందో లేదో కంటికి కనబడుతుంది. మనసు చాలినంత నమ్మిందో లేదో ఎవరు కొలుస్తారు? బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ మాట అంటే, దుఃఖం మీద నేరం కూడా మోపినట్టే. ఇంత క్రూరత్వం పౌలు బోధలో ఎక్కడా లేదు.

విశ్వాసం వెల కాదు. చాచిన కొంగు. కొంగు ఎంత మంచిదన్నదాన్ని బట్టి అందులో పడేది మారదు. మార్కు 9లో ఒక తండ్రి తన కొడుకు కోసం ‘‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’’ అని ఏడుస్తాడు. సగం నమ్మకం, సగం అనుమానం. యేసు అతణ్ణి ఇంకా నమ్మి రమ్మని వెనక్కి పంపలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు.

ఈ ప్రాంతపు చెవికి ఇలాంటి మొర కొత్తదేమీ కాదు. జనగామ దగ్గరి బమ్మెర పోతన గజేంద్రుడి నోట పలికించిన ‘‘లావొక్కింతయు లేదు’’ అన్న మాట తెలియని తెలుగు ఇల్లు తక్కువ. తన బలంతో వేయేళ్లు పోరాడిన ఏనుగు, బలమంతా అయిపోయాకే పిలుస్తుంది. శ్రీవైష్ణవులు కూడా తల్లిని తానే గట్టిగా పట్టుకునే కోతిపిల్లా, తల్లి నోట కరచుకుని మోసే పిల్లిపిల్లా అని కృప గురించి శతాబ్దాలు వాదించుకున్నారు. ఇవన్నీ ఒకటే అనడం ఎవరికీ మర్యాద కాదు. గజేంద్రుడిది ఆపద నుంచి విడుదల, పౌలు మాట్లాడేది దోషికి వచ్చే తీర్పు గురించి, చరిత్రలో జరిగిన ఒక మరణం గురించి. అయినా తన బలం లేదని ఒప్పుకున్న చోటే దేవుని సాయం మొదలవుతుందన్న భావం ఈ నేలకు పరాయిది కాదు. మొక్కును కూడా ఉత్త బేరంగా చూడడం తప్పు. అందులో కృతజ్ఞత ఉంటుంది, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం ఉంటుంది. పౌలుతో తేడా వరసలో ఉంది. మొక్కులో మాట ముందు మనిషిది. సువార్తలో మాట ముందు దేవునిది.

బల్ల దగ్గర

ఈ సిద్ధాంతం మొదట ఎక్కడ పుట్టిందో చాలా బోధల్లో రాదు. రోమా పత్రికకన్నా ముందే రాసిన గలతీ పత్రిక రెండో అధ్యాయంలో ఉంది ఆ సంగతి. అంతియొకయలో పేతురు యూదేతరులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి యాకోబు తరఫు మనుషులు కొందరు రాగానే భయపడి, ఆ పంక్తి నుంచి లేచి పక్కకు పోయాడు. మిగతా యూదులూ అదే చేశారు, బర్నబా కూడా. పౌలు అందరి ముందు పేతురును నిలదీశాడు. ధర్మశాస్త్ర క్రియల వల్ల ఎవరూ నీతిమంతులుగా తీర్చబడరు, క్రీస్తుపై విశ్వాసం వల్లనే అన్న 16వ వచనం ఆ గొడవ వెంటనే వస్తుంది.

1977లో ఈ.పి. శాండర్స్ రాసిన పుస్తకం తర్వాత పండితుల్లో ఈ అధ్యాయంపై చర్చ మారింది. మొదటి శతాబ్దపు యూదులు పుణ్యం మూటగట్టుకుని స్వర్గం కొనే మతస్థులు కారు, వాళ్లూ దేవుని కృపతోనే మొదలుపెట్టారని ఆయన చూపించాడు. పౌలు ఎదిరించిన క్రియల్లో సున్నతి, తిండి నియమాలు, విశ్రాంతిదినం వంటివి, అంటే ఎవరు లోపల, ఎవరు బయట అని గీసే గీతలు ముఖ్యమైనవని జేమ్స్ డన్ వాదించాడు. దీనితో లూథర్ చెప్పింది పూర్తిగా పోయిందనేవాళ్లు ఉన్నారు. అట్లా అనుకోనక్కర్లేదు. దేవుని ముందు నా హోదా నేనే సంపాదించానన్న గర్వమూ, నీతో కూర్చుని తిననన్న గర్వమూ ఒకే మనిషిలో ఉంటాయి.

కంచం పొత్తు, మంచం పొత్తు అని మనవాళ్లు ఊరికే అనలేదు. కులం నిలబడేది ఆ రెండింటి దగ్గరే. డోర్నకల్‌లో అజరయ్య కాలం నుంచీ మాల విశ్వాసులు, మాదిగ విశ్వాసులు కలిసి కూర్చోవడం ఒక పోరాటంగానే సాగింది. ఇప్పటికీ మాలవాడలో ఒక గుడి, మాదిగవాడలో ఇంకో గుడి ఉండి, రెండింటిలోనూ ఒకే రోమా పత్రిక చదివే ఊళ్లున్నాయి. ‘ప్రభువునందు’ అని మొదలుపెట్టిన పెళ్లి సంబంధం కులం దగ్గర ఆగిపోవడం పట్టణాల్లోని పెద్ద సంఘాల్లోనూ ఉంది.

తెలుగు క్రైస్తవులు ప్రభురాత్రి భోజనానికి పెట్టుకున్న పేరు బల్ల. ‘‘ఈ ఆదివారం బల్ల ఉంది’’ అంటారు. పేతురు లేచిపోయింది కూడా ఒక బల్ల దగ్గరినుంచే. గలతీ 2:16 గుడి గోడల మీద, క్యాలెండర్ల మీద కనబడుతుంది. దానికి ముందున్న ఐదు వచనాలు, ఆ భోజనం గొడవ, ఏ గోడ మీదా రాయరు.